సుశీల పేరున ఉన్న నంబరు

ఓబులమ్మ ఫోన్‌కి మెసేజ్ వస్తే చదివి చెప్పేది నేనే. ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. వారానికి రెండు మూడు సార్లు మా ఇంటి గేటు దగ్గర నిలబడి, చెంగుతో ఫోన్ తుడిచి మరీ అందించేది. చాలావరకు పాటల కంపెనీ వాళ్ళవే. "ఈ పాటను కాలర్ ట్యూన్‌గా పెట్టుకోమంటున్నారు" అని నేను చెబితే, "నాకు ఫోన్ చేసేది మా తమ్ముడొక్కడే సార్. వాని మొగానికి పాట ఒకటి తక్కువైందా" అనేది.

ఆ ఫోన్ నా భార్య సుశీలది. 2004 మార్చిలో ఆమె పోయింది. ఆఖరి నెలల్లో గార్మెంట్స్ పని ముగించుకుని నేరుగా మా ఇంటికి వచ్చి, సుశీలకు తల దువ్వి, ఒళ్ళు తుడిచి వెళ్ళింది ఓబులమ్మే. పిలవకుండానే వచ్చేది. ఫోన్ మూడు నెలలు బీరువాలో పెట్టి చూసి, ఒకరోజు ఆమె చేతికి ఇచ్చేశాను. సిమ్ కార్డు కూడా మార్చలేదు. చుట్టాలు ఏమంటారోనని ఎవరికీ చెప్పలేదు.

మా లేఅవుట్ బొమ్మనహళ్ళి వెనక, చెరువును ఆనుకుని ఉంటుంది. చివరి ఇల్లు నాది. పక్కనే పద్నాలుగు మెట్లు దిగితే కింది లైను, ఓబులమ్మ వాళ్ళు ఉండే చోటు. ఇరవై మూడు రేకుల ఇళ్ళు, గార్మెంట్స్‌కు పోయే ఆడవాళ్ళు, సెంట్రింగ్ పనికి పోయే మగవాళ్ళు. చెరువు నిండితే నీళ్ళకు రెండే దారులు. చెరువు మిగులు నీళ్ళు పోయే రాజకాలువ మీద ఉన్న ఇనుప తూము తలుపు మూసి ఉంటే అవి మా వీధుల్లోకి ఎక్కుతాయి. తెరిస్తే కింది లైనులోకి దిగుతాయి.

సుశీల పోయిన ఏడాది వానల్లో కింది లైను వాళ్ళు వచ్చి ఆ తలుపు మీద కూర్చున్నారు, తెరవనివ్వలేదు. మా వాళ్ళ సెల్లార్లు మునిగాయి, కార్లు మునిగాయి. తర్వాత తాలూకా ఆఫీసులో రాజీ కుదిరింది. తాళం లేఅవుట్ సంఘం దగ్గరే ఉంటుంది. కానీ తలుపు తెరిచే ముందు, కనీసం ఒక గంట ముందు, కింది లైను ఫోన్లన్నిటికీ మెసేజ్ పంపాలి. సంఘం సెక్రటరీ తిమ్మరాయప్ప ఆ కాగితం మీద సంతకం చేశాడు.

మెసేజ్ పద్ధతి నా ఆలోచన. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసినవాణ్ణి. అవతల గంట మోగితే మాట చేరినట్టేనని నా నమ్మకం. సంఘం ఆఫీసు కంప్యూటరులో అప్పటికే లేఅవుట్ వాళ్ళ నంబర్ల జాబితా ఉండేది. నీళ్ళ ట్యాంకరు రాకపోయినా, కరెంటు పోతుందన్నా అందరికీ ఒకేసారి మెసేజ్ వెళ్ళేది. నేను నోటుపుస్తకం పట్టుకుని కింది లైనులో ఇంటింటికీ తిరిగి పద్నాలుగు నంబర్లు రాసుకున్నాను. ఓబులమ్మది కూడా ఆమె పేరుతోనే రాశాను. పుస్తకం తిమ్మరాయప్పకు ఇచ్చాను.

"నీళ్ళు వచ్చే ముందు ఫోన్ మోగుతుంది. అంతవరకూ నిశ్చింతగా ఉండండి" అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను.

"మోగకపోతే?" అన్నాడు టైలరు పుల్లయ్య.

"మోగుతుంది పుల్లయ్యా. నాదీ పూచీ."

ప్రతి నెలా ఒకటో తారీఖున పరీక్షగా ఒక మెసేజ్ వెళ్ళేది. మర్నాడు నేను మెట్లు దిగి అడిగేవాణ్ణి. రాలేదనేవాళ్ళు. తిమ్మరాయప్పను అడిగితే, "పల్లంలో టవరు అందదప్పా. వాళ్ళవంతా సెకండ్‌హ్యాండ్ సెట్లు, ఏమని చెప్పేది" అనేవాడు. ఓబులమ్మకు మాత్రం నెల తప్పకుండా వచ్చేది. ఆ ఫోన్ ఎవరిదో బయటపడుతుందని ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఒకరికి వస్తోంది కాబట్టి పద్ధతి బాగానే ఉంది, లోపం సెట్లలోనే ఉందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పుల్లయ్యను ఫోన్ మార్చుకోమన్నాను. పాపం, అల్లుడి దగ్గరున్న ఇంకో ఫోన్ తెచ్చుకున్నాడు. దానికీ రాలేదు.

2005 అక్టోబరులో మూడు రోజులు వాన వదల్లేదు. కరెంటు లేక గార్మెంట్స్ మూసేశారు. మూడోరోజు మధ్యాహ్నం ఓబులమ్మ తల మీద యూరియా సంచి కప్పుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"పాటల కంపెనీ వాళ్ళకి వానొచ్చినా సెలవు లేదు సార్. చూడండి, ఎంతసేపటి నుంచో వచ్చి పడుండాది."

కళ్ళజోడు తుడుచుకుని చదివాను. ఇంగ్లీషులో ఉంది. తూము తలుపు మూడున్నరకు తెరుస్తున్నామని, బండ్లు పైవీధిలో పెట్టుకోవాలని. కింద ఇంకో వాక్యం. ఈ మెసేజ్ ఇంకెవరికీ పంపవద్దు.

వచ్చిన సమయం రెండూ పది. గోడ గడియారంలో రెండూ నలభై ఐదు. జేబులోంచి నా ఫోన్ తీశాను. ఏమీ లేదు. నెట్‌వర్కు ఉంది, గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

"ఏమంట సార్?" అంది ఓబులమ్మ.

"లైను ఖాళీ చెయ్యాలమ్మా. మూడున్నరకు తలుపు తీస్తారు."

ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. సంచి అక్కడే పడేసి మెట్లు దిగింది. నేను తిమ్మరాయప్పకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మోగి మోగి కట్టయింది. నేనూ దిగాను.

ఓబులమ్మ ఒక పళ్ళెం, గరిటె తీసుకుని తలుపుతలుపు దగ్గరా వాయించుకుంటూ పోయింది. పిల్లల్ని ముందు ఎక్కించాం. పక్షవాతంతో మంచం పట్టిన పిల్లమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. ఆమెను మెట్లెక్కించినంతసేపూ, పట్టుమని పది నిమిషాలు, వాన తెరిపి ఇచ్చింది. "ఏమప్పా, మీ సంఘం వాళ్ళు పంపిన కారా ఇది" అని పిల్లమ్మ కుర్చీలోంచే నన్ను ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మూడున్నర కూడా కాకముందే నీళ్ళు వచ్చాయి. ఎర్రగా, మొదట కాలువ పక్క ఇంట్లోకి, తర్వాత అన్నిటిలోకి. పుల్లయ్య కుట్టుమిషన్ పైన చక్రం ఒక్కటే కాసేపు కనిపించింది. మెట్ల మీదా మా వరండాలోనూ నిలబడి ఇంటింటి పేరూ పిలిచి చూసుకున్నాం. అందరూ ఉన్నారు.

తడిబట్టలతోనే సంఘం ఆఫీసుకు వెళ్ళాను. తిమ్మరాయప్ప జనరేటరు వేసుకుని కంప్యూటరు ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, తువ్వాలు తెచ్చాడు.

"తల తుడుచుకోప్పా, జ్వరమొస్తుంది."

నేను తీసుకోలేదు. "నాకెందుకు పంపలేదు?"

"ఏది?"

"తిమ్మరాయీ."

అతను తువ్వాలు కుర్చీ మీద వేసి కూర్చున్నాడు. "నీకు పంపితే నువ్వు సుమ్మనే ఉంటావా? మెట్లు దిగి చెప్పవా?"

"చెప్పాలనే కదా ఇదంతా పెట్టుకున్నది."

"చెప్తే మళ్ళా వచ్చి తలుపు మీద కూర్చుంటారు. పోయినేడు గలాట మర్చిపోయినావా? కమిటీ వాళ్ళంతా ఒకటే మాట అనిరి. నీ నంబరు మాత్రం నేనే తీసినాను. ఇంకొకరు తీసింటే నీకు బేజారయ్యేది."

ఆ మాట నిజంగా నా మీద దయతోనే అన్నాడు. అదే నన్ను ఎక్కువ కోసింది.

తెర నా వైపు తిప్పుకుని పేర్లు చూశాను. నూటికి పైగా ఉన్నాయి. కింది లైను పేరు ఒక్కటీ లేదు.

"వాళ్ళ నంబర్లు ఎప్పుడు తీసేశావు?"

"ఎక్కించింటే కదా తీసేది."

పది నెలలు. ప్రతి నెలా నేను ఆ మెట్లు దిగి, మీ ఫోన్లే బాగాలేవని చెప్పి వచ్చాను.

జాబితాలో కిందికి పోతే సుశీల పేరు కనిపించింది, నా ఇంటి నంబరుతో సహా. 2003లో నేనే ఇచ్చి మర్చిపోయాను. ఓబులమ్మకు నెలనెలా వచ్చినవన్నీ ఆ పేరు మీదే వచ్చాయి.

"ఇది తియ్యలేదేం?"

అతను తెర మీది ఆ పేరు వైపు చూశాడు. "ఎన్నోసార్లు చూసినాను. ఆయమ్మ పేరు కొట్టేసేకి చెయ్యి రాలేదప్పా. ఆ ఫోన్ ఎవరి దగ్గరో ఉండాదని నాకేమి తెలుసు."

సుశీల పాడెకు ముందు భుజం పట్టినవాడు తిమ్మరాయప్ప. పదకొండు రోజులు మా ఇంటికి క్యారియరు పంపినవాడు. నేను గుమ్మం వైపు తిరిగాను.

"ఎవరికీ ఏమీ కాలేదు కదా" అన్నాడు వెనకనుంచి. "రేపు రెవెన్యూ ఆయన వస్తాడు. నీళ్ళ జోరుకి తలుపు తానే విరిగిందని అందరమూ చెప్తాము. నువ్వు అబద్ధం చెప్పొద్దులే. ఏమీ చెప్పకుండా ఉంటే చాలు. ఆ మెసేజ్ మాత్రం తీసేయించు."

ఇంటికి వచ్చేసరికి మా వంటింట్లో ఓబులమ్మ అందరికీ ఉప్మా చేస్తోంది. సుశీల పోయాక ఆ పొయ్యి మీద అంత పెద్ద గిన్నె ఎక్కడం అదే మొదలు.

"అందరి పేర్లూ వదిలేసి నాకొక్కదానికే ఎట్ల పంపిరి సార్?" అని అడిగింది.

చెప్పక తప్పలేదు. "నీకు పంపలేదమ్మా. ఆ నంబరు ఇంకా సుశీల పేరునే ఉంది."

గరిటె ఆగింది. "అయితే మేమెవ్వరమూ ఆ కంప్యూటరులోనే లేము."

"లేరు."

"మా సెట్లు మంచివి కావని చెప్పింది మీరే కదా సార్."

"నేనే."

ఆమె గిన్నె వైపు తిరిగింది. ఉప్మా కలిపింది. కాసేపటికి ఒక పళ్ళెంలో ఉప్మా పెట్టి నా ముందుకు జరిపింది. "తినండి, చల్లారిపోతుంది" అంది. నా మొహం వైపు చూడలేదు.

పొద్దున రెవెన్యూ ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. సంఘం వాళ్ళు అరడజను మంది అతని చుట్టూ ఉన్నారు. తలుపు విరిగిందని ఒకరి తర్వాత ఒకరు కన్నడంలో చెబుతున్నారు. ఓబులమ్మ, పుల్లయ్య కాస్త దూరంగా మెట్ల దగ్గర నిలబడి నన్నే చూస్తున్నారు.

నేను వెళ్ళి ఓబులమ్మను ఫోన్ అడిగాను. ఒక క్షణం ఆలోచించి, చెంగుతో తుడవకుండానే ఇచ్చింది.

ఇన్‌స్పెక్టరుకు మెసేజ్ చూపించాను. అతను రెండుసార్లు చదివాడు. ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసి, పంపినవాళ్ళ వివరాలు కూడా రాసి సంతకం చేయమన్నాడు. సంఘం వాళ్ళు మాటలు ఆపారు. జీపు బానెట్ మీద కాగితం పెట్టుకున్నాను. తుంపర పడుతోంది. మొదటి వాక్యం రాసేసరికే సిరా పాకింది.

తిమ్మరాయప్ప నా పక్కకు వచ్చి, తన గొడుగు నా చేతి మీదికి వంచాడు. అలవాటుగా వంచాడు, అంతే. అతని భుజం తడుస్తోంది.

"రామయ్యా, వద్దప్పా" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా.

సమయం రాశాను. మాట పొల్లు పోకుండా మెసేజ్ రాశాను. ఎవరికీ పంపవద్దు అన్న వాక్యమూ రాశాను. గొడుగు కదల్లేదు. పంపినవారు అన్న చోటికి వచ్చాను. అతని పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు ఎవరినీ అడగాల్సిన పని లేదు. మూడూ రాశాను.