సెమిలిగుడ క్యాంపు

ఈ మనిషితో వేగేకన్నా బెటాలియన్‌తో వేగడం నయం, అనుకుంది గౌరి, పటాలం వదిలి పదిహేనేళ్ళయినా ఒడిశా సెమిలిగుడలో సొంత ఇంటిని క్యాంపనే అంటాడు మొగుడు లక్ష్మణుడు, కూరగాయలకెళ్ళినా సరే, గౌరీ, క్యాంపుకి తాళం ఏసేవా, అంటాడు, మంచం కింద ఇనప పెట్టెకి కట్టిన తాడు ఈనాటికీ విప్పలేదు, రేపో మాపో శ్రీకాకుళం కదిలిపోతున్నట్టు, అక్కడ ఈయన కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు, ఉన్న ఒక్క అన్నగారూ మాటలు మానేశాడు.

ఇప్పుడు కోరాపుట్ సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆ తాడే పిల్ల మెడకు చుట్టుకుంది, మాజీ సైనికుల పిల్లలకు నర్సింగ్ కాలేజీలో సీట్లని భువనేశ్వర్‌లో కొత్త చట్టం చేశారు, తండ్రి పేరు మాత్రం ఈ రాష్ట్రంలో నమోదై ఉండాలట, ఈయన పేరేమో శ్రీకాకుళంలో, ఆనాడే చెప్పింది తను, ఉండేది ఇక్కడే కదండీ, ఇక్కడే రాయించండి అని, మన మూలం అక్కడుంటే ఇక్కడ రాయించుకోడానికి నాకేటి మతిపోయిందేటి, అని మీసం దువ్వేడు, సీటు గడువు ఈ సాయంత్రమే, పక్కన కూతురు లిప్సా చున్నీ కొన నలుపుతోంది, ఆ పేరు పక్కింటి ఒడియా ముసలావిడ పెట్టింది, ఈయన ఇప్పటికీ అమ్మీ అనే పిలుస్తాడు.

హవల్దార్ బాబూ, అధికారి కళ్ళజోడు తీశాడు, పేరు శ్రీకాకుళంలో పడటం అక్కడి ఆఫీసు పొరపాటా, అయితే వాళ్ళకి రాసి జవాబొచ్చేదాకా ఆగాలి, మీ పొరపాటే అయితే నా ఎదుట ఆ మాట చెప్పండి, ఇవాళే మార్చేస్తాను, గౌరి మొగుడి వైపు చూసింది, పప్పు మాడితే గిన్నెది తప్పు, బస్సు తప్పితే డ్రైవరుది, ఈయనది అన్న తప్పు కాపురంలో ఇంతవరకూ పుట్టలేదు, మోచేత్తో పొడుద్దామా, పొడిస్తే ఇంకా బిగుస్తాడు, గోడ గడియారం ఒకటి టకటకా కొట్టుకుంటోంది, సెప్పీ నాన్నా, అంది లిప్సా.

లక్ష్మణుడు లేచాడు, మడమలు టక్కున కలిశాయి, అయిపోయింది, ఇక శ్రీకాకుళం ఆఫీసు మీద ఉపన్యాసమే, సీటు పోయినట్టే, అనుకుంది, కానీ ఆయన చూపు అధికారి మీద లేదు, పిల్ల మీద ఉంది, తన ఊరు ఏదో ఈ మనిషికి ఎప్పుడో తెలుసు, నోరే రాలేదు ఇన్నాళ్ళూ, అని గౌరికి తట్టేలోపే, వాళ్ళది కాదు సార్, తప్పు నాదే, అన్నాడు లక్ష్మణుడు, మా ఇల్లు సెమిలిగుడలోనే.