నూటికి ముప్పై

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది, వానాకాలం చివర. సూర్యుడి మీద పెద్ద మచ్చ ఒకటి పడమటి అంచుకు జరుగుతోంది. అది పేలితే రేణువుల తుఫాను గంటలోపే భూమిని తాకవచ్చు. కింద, హైదరాబాదు నాచారంలో ఎవరికీ ఏమీ కాదు. ధ్రువానికి దగ్గరగా, బాగా ఎత్తున ఎగిరే విమానంలో మాత్రం రేడియేషన్ పెరుగుతుంది. ఎల్లుండి తారామణి కెనడా వెళ్ళాల్సింది అలాంటి విమానంలోనే. ఉప్పల్‌లోని ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి చేసిన పని మీద అక్కడి సభలో పత్రం చదవాలి. ఆమెకిప్పుడు మూడో నెల.

ఆ తుఫాన్లను ముందుగా అంచనా కట్టడమే పక్కింటి చలపతిరావు ఉద్యోగం. అందుకే అతన్ని ఇంటికి పిలిపించారు.

"నూటికి ముప్పై వంతులు రావచ్చు," అన్నాడతను.

తారామణి అత్త సత్తమ్మ మొహం విప్పారింది. "ముప్పై అంటే ఫెయిలే గద సారూ! ముప్పై ఐదొస్తెనే పాసు. నువ్వు పో బిడ్డా, ఫికర్ జెయ్యకు."

"మార్కులు కాదత్తమ్మా," అని నవ్వి, తారామణి అతని వైపు తిరిగింది. "సార్, మీ బిడ్డనైతే పంపుతరా?"

చలపతిరావుకు పెళ్ళే కాలేదు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. వద్దంటే తనకే చిక్కూ లేదు, రాని తుఫాను గురించి ఎవరూ నిలదీయరు. మరి ఈ భయం కడుపులోని నలుసు కోసమా, తన పేరు కోసమా? పోనీ, వెళ్ళమంటే? అది ధైర్యమా, పిరికివాణ్ణి కానని తనకు తాను చూపించుకోవడమా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. వంద మచ్చల్లో ముప్పై పేలతాయి, సరే. కానీ ఆమె వందమంది కాదు, ఒక్కతే.

"చాయ్ సల్లగైంది సారూ," అంది సత్తమ్మ. "మాట గూడ సల్లారబెడ్తున్నవా?"

"నాకు తెలియదమ్మా."

తారామణి చాలాసేపు చీర అంచు చూసుకుంటూ కూర్చుంది. "అయితే నేను పోను," అంది.

"నీ సదువు సల్లగుండ! గీ మాటకు గీయన్ని పిలుసుడెందుకు?"

విమానం లేచే రోజు చలపతిరావు ఆఫీసులో మచ్చ పేలాలని కోరుకుంటూ కూర్చున్నాడు. పేలితే ఆమె పోగొట్టుకున్నదానికి ఒక అర్థం ఉంటుంది. ఆ కోరిక కాసేపు మంచిదిగానే తోచింది. తరవాత తట్టింది, విమానం ఖాళీగా వెళ్ళడం లేదని. విమానాలవాళ్ళు అతని మాట అడగరు. వద్దు, పేలకూడదు అనుకున్నాడు. అనుకోగానే చీర అంచు చూసుకుంటున్న తారామణి కనిపించింది. పేలితే బాగుండును అనుకున్నాడు మళ్ళీ.