రంగుతో అతుక్కున్న కిటికీ

అమెరికాలోని ఫాల్ రివర్‌లో మా చెక్క ఇంటికి మూడు అంతస్తులు, అద్దెకు మూడు కుటుంబాలు. నాది రెండోది. నా భార్య ఒడీలియా పోయాక కూడా అక్కడే ఉన్నాను. గోడ పలకల మీది రంగు పెచ్చులై కిటికీ గట్ల మీద రాలుతుంటే, మళ్ళీ వేయించమని యజమాని దువార్తెను ఏళ్ళ తరబడి అడిగాను. ఈ వేసవిలో ఒప్పుకున్నాడు. "మీకోసమే" అన్నాడు కూడా. సంతోషం పట్టలేక ఒక సీసా వైన్ ఇచ్చాను.

రంగులేసే గాన్యో మా వంటింటి కిటికీ దగ్గర నిచ్చెన వేసి పాత రంగు గోకడం మొదలెట్టాడు. ఆ కిటికీ తెరుచుకోదు. ఎప్పుడో ఎవరో తొందరపడి, పైకి జరిపే గాజు తలుపునూ చట్రాన్నీ కలిపి రంగు పూసేశారు. చేప వేయించినప్పుడల్లా ఒడీలియా తువ్వాలుతో పొగను మెట్లవైపు తరిమేది. "వాడి వేళ్ళు కూడా ఇలాగే అతుక్కుపోను" అనేది.

గాజు ఇవతలి నుంచి నేను కాఫీ కప్పు ఎత్తి చూపిస్తే, గాన్యో దిగి వరండాలోకి వచ్చి తాగేవాడు. ఏ రంగు వేస్తున్నావని అడిగితే మాత్రం, "ముందు గోకనివ్వండి సార్" అనేవాడు.

గోకడం అయ్యాక డబ్బాలు వచ్చాయి. పై అంతస్తు లూర్దిస్ మెట్ల దగ్గర ఆగి, ఒక మూత మీది మరకను చూసింది.

"బూడిదరంగా? అయితే పెట్టెలు సర్దుకో అన్సెల్మో."

"రంగు చూసి భయపడతారా ఎవరైనా?"

"మూలమీద అల్మైదా వాళ్ళింటికి ఇదే వేశారు. ఇప్పుడెక్కడున్నారు వాళ్ళు? ఉండే ఇంటికి మన పోర్చుగీసువాళ్ళు పసుపో, ఆకుపచ్చో వేస్తారయ్యా. అమ్మే ఇంటికే బూడిద. నువ్వేమో వైన్ పోసి మరీ వేయించుకున్నావు."

నవ్వేశాను. కానీ ఫోన్ చేశాను. దువార్తె స్వయంగా వచ్చాడు, తీపిరొట్టె పట్టుకుని.

"మీరు మా ఇంట్లోవాళ్ళ లాంటివారు బాబాయ్. అందుకే ముందు మీకే చెబుతున్నా. కొనేవాళ్ళు ఖాళీ ఇల్లు కావాలంటున్నారు. చలికాలంలోపు ఎక్కడైనా చూసుకోండి."

"రంగు నాకోసమన్నావు."

"మీరు అన్నేళ్ళు అడగబట్టే కదా నాకీ ఆలోచన వచ్చింది. లేకపోతే ఈ ఇంటిని ఎవరు చూసేవాళ్ళు?"

అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే కృతజ్ఞత చెబుతున్నాడు. అదే మింగుడు పడలేదు. రొట్టె మాత్రం పుచ్చుకుని, థాంక్స్ చెప్పాను. అలవాటు.

మర్నాడు గాన్యో నిచ్చెన మీద నావైపు చూడకుండానే పని చేశాడు. కాసేపటికి సన్నటి కత్తి తీసి, కిటికీ చుట్టూ గట్టిపడిన పాత రంగును నెమ్మదిగా కోసుకుంటూ వచ్చాడు. అరచేత్తో నాలుగు వైపులా తట్టాడు. తలుపు కిర్రుమంటూ పైకి లేచింది. నది గాలి లోపలికి వచ్చింది.

"నాకు మొదటిరోజే తెలుసు సార్" అన్నాడు. "చెప్పొద్దన్నారు. గాజు అడ్డముంది కదా అని సరిపెట్టుకున్నాను. వరండాలో మీరడిగితే మాట దాటేశాను."

"ఇది తెరవమని కూడా చెప్పారా?"

"లేదు. ఇది నా ఇష్టం."

కాఫీ కప్పు కిటికీలోంచే అందించాను. తాగి, చట్రానికి బూడిదరంగు పూసి, నిచ్చెన దిగబోతూ ఆగాడు.

"ఆరేదాకా మూయకండి. మళ్ళీ అతుక్కుపోతుంది."

ఆ సాయంత్రం, నానబెట్టి ఉంచిన ఉప్పుచేపను వెల్లుల్లి వేసి వేయించాను. పొగ కాస్త కూడా నిలవకుండా బయటికి వెళ్ళిపోయింది. తువ్వాలు మేకుకే వేలాడుతోంది. కొనేవాళ్ళకు ఈ వంటిల్లు బాగా నచ్చుతుంది.