పెట్టెలోకి తిరిగి వెళ్ళని కార్డులు

ఆవిరి గొట్టం ఊడి చెల్లెలి ముంజేతి మీద పడటం షెడ్డులో అందరూ చూశారు. మేస్త్రీ కూడా చూశాడు. చూసి, గోడ గడియారం కేసి తలెత్తాడు. హోటలు దుప్పట్లు సాయంత్రానికి వెళ్ళాలి మరి.

చెల్లెలు అరవలేదు. తడి దుప్పటి లాక్కుని చేతికి చుట్టుకుని కూలబడింది. అరిచింది అక్క. ఆమెను అందరూ మూటలమ్మ అంటారు. ఉతికిన బట్టల్ని మూటలు కట్టి వ్యానులో బజారు దుకాణానికి చేరవేసే పని ఆమెది. ఇద్దరు మగాళ్ళు ఎత్తలేని మూటని తుంటి మీద పెట్టుకుని నడిచే మనిషి. ఆ రోజు మాత్రం మేస్త్రీ ముందు చేతులు జోడించింది. చెల్లిని ఆసుపత్రికి తీసుకెళ్తాను, దాని కార్డు ఇప్పించండి, కార్డు లేకపోతే అక్కడ చీటీ కూడా రాయరు అని బతిమాలింది.

"కార్డులు భద్రంగా ఉన్నాయి," అన్నాడు మేస్త్రీ, బల్ల కింద ఇనప్పెట్టెని కాలితో తట్టి. "బయటికెళ్తే పారేసుకుంటారు. మందు నేను తెప్పిస్తాలే. కాలింది ఒక చెయ్యేగా, రెండోది ఉందిగా."

తెప్పించిన మందు పళ్ళు తోముకునే పేస్టు.

ఆ షెడ్డు సంగతి కాస్త చెప్పాలి. బజార్లో అద్దాల తలుపుల లాండ్రీ దుకాణం ఉంది. హోటళ్ళ బట్టలు తీసుకుంటుంది. అక్కడ ఏడుగురు ఆడవాళ్ళు ఇస్త్రీ మాత్రమే చేస్తారు. ఉతుకంతా ఊరవతల షెడ్డులో. దాన్ని యజమాని మేస్త్రీకి అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు. మేస్త్రీ ఎక్కడెక్కడి నుంచో పద్నాలుగు మందిని పట్టుకొచ్చాడు. వచ్చిన రోజునే, పేర్లు రాసుకోవాలి, గుర్తింపు కార్డులు ఇవ్వండి అన్నాడు. ఇచ్చారు. గేటుకి తాళం పడింది. ఇక కార్డు లేని మనిషి ఎక్కడికి పోతాడు? బస్సులో అడుగుతారు, గది అద్దెకిచ్చేవాడు అడుగుతాడు, పోలీసు ఆపితే మొదట అడిగేది అదే. గోడ రెండు నిలువులు, పెట్టె జానెడు. గోడైనా దూకొచ్చు గానీ ఆ పెట్టెని దాటడం ఎవరి వల్లా కాలేదు.

మర్నాడు మూటలమ్మ దుకాణంలో మూట దించుతుంటే, అక్కడి ఏడుగురిలో పెద్దామె ఇస్త్రీ అత్త ఓ దుప్పటి విప్పి ఆగిపోయింది. అంచున చర్మం పొర అంటుకుని ఉంది. డ్రైవరు టీకి వెళ్ళాడని చూసుకుని మూటలమ్మ జరిగిందంతా చెప్పేసింది. ఇస్త్రీ అత్త గోడ మీది పటం వైపు గడ్డంతో చూపించి, అందులో ఏం రాసుందో తెలుసా అంది. మూటలమ్మకి చదువు రాదు. అత్తే చదివి పెట్టింది.

"ఇక్కడ గానీ, మాకు పని చేసిపెట్టే వాళ్ళ దగ్గర గానీ, ఎవరినీ నిర్బంధించి పని చేయించడం లేదట. చూశావా? రోజూ దీన్ని తడిగుడ్డ పెట్టి తుడిచేది నేనే. ఎంత తుడిచినా మెరుస్తుందే గానీ సిగ్గుపడదు."

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. ఎల్లుండి హోటలు వాళ్ళు ఆ రాత నిజమేనా అని షెడ్డు తనిఖీకి వస్తున్నారు. పదిహేను రోజుల కిందట యజమాని జెరాక్సు తీయాలంటూ తమ ఏడుగురి కార్డులూ తీసుకున్నాడు, ఇంతవరకూ ఇవ్వలేదు. "మీ షెడ్డు మా ఇంటిదాకా వచ్చిందే పిల్లా," అంది.

తనిఖీ అంటే ఏమిటో షెడ్డువాళ్ళకి తెలుసు. కిందటేడూ వచ్చారు. ఆ పొద్దున మేస్త్రీ పెట్టె తెరిచి ఎవరి కార్డు వాళ్ళ చేతికిచ్చాడు. కార్డు మీ దగ్గరే ఉంటుందా అంటే ఉంటుందనాలి, గేటుకి తాళం వేస్తారా అంటే దొంగల భయానికి అనాలి అని పాఠం చెప్పాడు. అందరూ అప్పజెప్పారు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక మేస్త్రీ పెట్టె పట్టుకు నిలబడితే, ఎవరూ చెప్పకుండానే వరస కట్టి మళ్ళీ అందులో వేసేశారు.

ఉతుకు డ్రమ్ములు తిరుగుతుంటే పక్కనున్నవాడి మాటే వినపడదు. ఆ హోరులోనే సభ జరిగింది. మూటలమ్మ మొదలుపెట్టింది: ఈసారి తిరిగి ఇవ్వద్దు.

కార్డులు దుకాణం వాళ్ళ దగ్గర దాచమందామని బట్టలు పిండే ఆమె అంది. "ఈ పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకా?" అని కసిరాడు ఆవిరి పని చూసే బాయిలర్ బాబాయ్. తన్ని లాక్కుంటాడు, వాడి మనుషులున్నారు అని ఇంకొకరు. తనిఖీవాళ్ళకి చెబితే వాళ్ళే చూసుకుంటారని మరొకరు.

"కిందటేడు వాళ్ళకి నువ్వే కదరా టీ ఇచ్చింది, నీ మొహం ఎవరైనా చూశారా?" అన్నాడు బాబాయ్. "కిందటేడు మన కార్డులు మేస్త్రీ లాక్కోలేదు. మనమే వేశాం. నేనే ముందు వేశాను. ఆ సిగ్గు ఏడాదిగా మోస్తున్నా."

ఆ తర్వాత వాదన లేదు. చినిగిన దుప్పటి గుడ్డతో మెడలో వేసుకునే సంచులు కుట్టారు. ఏ హోటలు దుప్పటి ఏదో తెలియడానికి మూలన గుర్తు దారం కుట్టి ఒక ముడి వేస్తారు వాళ్ళు. మరిగే నీళ్ళలో ఎన్నిసార్లు ఉతికినా ఊడదు, కొయ్యాల్సిందే. సంచి మూతికి ఆ ముడే వెయ్యాలనుకున్నారు. పద్నాలుగు సంచులు కుట్టారు.

కానీ తనిఖీ పొద్దున మేస్త్రీ పదమూడు కార్డులే పంచాడు. చెల్లెల్ని సబ్బుల గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టాడు. ఆమె సెలవులో ఉందని చెప్పమన్నాడు. ఆమె కార్డు పెట్టెలోనే ఉండిపోయింది. మూటలమ్మ ఆ గొళ్ళెం కేసే చూసింది. పదమూడు మందీ బయటపడి చెల్లెలు ఒక్కతే ఆ పెట్టెలో ఉండిపోతే?

వచ్చిన పెద్దమనిషి చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. మేస్త్రీ ఆయన భుజం పక్కనే నిలబడ్డాడు. కార్డు మీ దగ్గరే ఉంటుందా అమ్మా అని ఆయన అడిగాడు.

"ఉందండి. మీరు వెళ్ళేదాకా," అంది మూటలమ్మ. "చెయ్యి కాలిన మా చెల్లెల్ని సబ్బుల గదిలో పెట్టి గొళ్ళెం వేశారు."

ఆయన కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. మేస్త్రీ నవ్వి, ఈమెకి కాస్త తిక్క అన్నాడు. "దానికి గడి లేదమ్మా," అన్నాడు ఆయన మెల్లిగా. "నివేదికలో చూస్తాను." ఉంది అన్న గడిలో టిక్కు పెట్టుకుని, ఆమె కళ్ళలోకి చూడకుండా కారెక్కాడు.

కారు కోసం గేటు తెరిచారు. కారు దాటింది. పదమూడు కార్డులూ అప్పటికే సంచుల్లో ముడిపడి మెడల్లో ఉన్నాయి. అప్పుడు బాయిలర్ బాబాయ్ ఆవిరి కట్టేశాడు. డ్రమ్ములు ఒక్కొక్కటే మూలిగి ఆగాయి. బట్టలు పిండే ఆమె సబ్బుల గది గొళ్ళెం తీసి చెల్లెల్ని నడిపించుకొచ్చింది. అందరూ వెళ్ళి గేటు రెక్కల మధ్య నిలబడ్డారు. మూయాలంటే మనుషుల మీద మూయాలి.

మేస్త్రీకి ఇంకా అర్థం కాలేదు. అలవాటు ప్రకారం పెట్టె తెరిచి పట్టుకొచ్చాడు. "వరసగా రండి," అన్నాడు.

మూటలమ్మ ఒక్కతే ముందుకి నడిచింది. పెట్టెలో చెయ్యి పెట్టింది. మేస్త్రీ మొహంలో తృప్తి కూడా కనపడింది. ఆమె చెయ్యి తీసేసరికి అందులో చెల్లెలి కార్డు ఉంది. పెట్టె ఖాళీ.

పద్నాలుగో సంచికి ముడి వేసి చెల్లెలి మెడలో వేసింది. బాబాయ్ ఆమెని రోడ్డెక్కించి, వచ్చిన మొదటి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు.

మిగిలిన పన్నెండు మందీ గేటులోనే ఉన్నారు. మేస్త్రీ మనుషులు తోశారు, ఒకరి చొక్కా చిరిగింది. సంచి మాత్రం ఊడలేదు. అద్దాల దుకాణంలో హోటలు దుప్పట్లు రాలేదని ఫోన్ల మీద ఫోన్లు. వచ్చిన కాసిని దుప్పట్లూ ఇస్త్రీ కాలేదు. ముందురోజు మూటలతో పాటే మూటలమ్మ కబురూ చేర్చింది. ఏడుగురూ ఇస్త్రీ పెట్టెల ప్లగ్గులు పీకేసి, మా కార్డులు బల్ల మీద పెడితే గానీ ముట్టుకోమని కూర్చున్నారు. గోడ మీది పటం దించి, బయటి మెట్ల మీద జనానికి కనపడేలా పెట్టింది ఇస్త్రీ అత్త. దాని పక్కన చర్మం అంటిన దుప్పటి పరిచింది.

మధ్యాహ్నానికి పోలీసు జీపు షెడ్డుకొచ్చింది. పని ఆపించారని, పెట్టెలోంచి కార్డు దొంగిలించారని మేస్త్రీ ఫిర్యాదట. ఎవరు చేశారిది అని అడిగాడు ఎస్సై. నేనే అంది మూటలమ్మ. నేనే అంది బట్టలు పిండే ఆమె. నేనే, నేనే అన్నారు వరసగా, కిందటేడు కార్డులు వేసిన వరసలోనే. ఎస్సై విసుక్కుని, ముందు మాట్లాడినామెని ఎక్కించమన్నాడు.

ఆమె జీపు మెట్టు మీద కాలు పెట్టాక, కార్డు ఏదీ అని ఎస్సై చెయ్యి చాపాడు.

మూటలమ్మ మెడలోని సంచి పైకి తీసింది. గుడ్డ మీంచి కార్డు అంచులు వేళ్ళతో తడుముకుంది.

"బ్లేడు తెప్పించండి, కోసి చూపిస్తా," అంది. "చదువుకోండి, రాసుకోండి. నా చేతిలోంచి మాత్రం ఇవ్వను."

వెనక గేటులో పదకొండు మంది తమ సంచులు పైకి తీసి పట్టుకున్నారు. జీపు కదిలింది. గేటు తెరిచే ఉంది.