గొలుసుకట్టు దస్తావేజు

గరగర… గరగర… ఆగి, సిరాలో మునిగి, మళ్లీ గరగర. చూపు కన్నా ముందు నాకు వినికిడి వచ్చింది. ఆ చప్పుడు పాళీదని, అది నా ఒంటి మీదే నడుస్తున్నదని తరువాత తెలిసింది.

నేను ఒక క్రయ దస్తావేజును. తణుకులో, రిజిస్ట్రారు కచేరీ అరుగు మీద, చాప పరచుకుని కూర్చున్న లేఖరి చేతిలో పుట్టాను. ఆయనది గొలుసుకట్టు రాత. అక్షరం అక్షరాన్ని పట్టుకుని, మాట మాటను లాక్కుని, కలం ఎత్తకుండా సాగే రాత. చూసేవారికి పూలతీగ, చదివేవారికి ముళ్లకంప.

రైసుమిల్లులో ఇంజను డ్రైవరు పడాల గవర్రాజు ఆనాడు ఐదు సెంట్ల స్థలం కొన్నాడు. తన కోసం కాదు, చంకలో ఉన్న ఏడాది కూతురి కోసం. బిడ్డ మైనరు కనుక గార్డియనుగా తాను సంతకం చేశాడు. ఆమె పేరు నా మూడో వరుసలో ఉంది. పద్యనాటకాల మోజులో ఆయన ఏరి తెచ్చుకున్న పేరు. ఇంట్లో మాత్రం అందరికీ ఆమె బుజ్జమ్మే.

తరువాత నా బతుకంతా బీరువా అరలో, పట్టుచీరల మడతల్లో, కలరా ఉండల వాసనలో గడిచింది. ఎంత హాయిగా ఉండేదో! ఏటా ఒకసారి ఎండ చూపించేవారు. గవర్రాజు పోయాక కొడుకు భాస్కర్రావు నన్ను 'నాన్న కాగితం' అంటూ కళ్లకద్దుకునేవాడు. అద్దుకున్నాడే గాని, ఆ కళ్లతో మొదటి వరుస దాటి చదవలేదు. మొదటి వరుసలో తండ్రి పేరుంది. మనుషులకు అంత చాలు.

ఒకనాడు ఆయన ఆ స్థలాన్ని అమ్మజూపాడు. కొనవచ్చినది మీరాబీ. జాకెట్లు కుట్టి బతికే మనిషి. బయానా ఇచ్చే ముందు నన్ను లాయరు ఏసుమణి గారి బల్ల మీద పెట్టింది.

ఏసుమణి గారు నన్ను కిటికీ వెలుతురుకు పట్టారు. ఆమె వేలు మొదటి వరుస దాటింది. రెండోదీ దాటింది. మూడోదానిలో ఆగింది. 

"భాస్కర్రావు గారూ, మీకో చెల్లెలుందా అండి?"

"ఉందండి. మండపేట హాస్టల్లో వంట చేస్తది. ఏం?"

"స్థలం ఆవిడదండి."

"అదేటండీ! ఇరవయ్యేళ్లుగా పన్ను నేనే కడతన్నానండి!"

"కట్టారు, బాబూ. చెల్లెలి స్థలానికి."

మీరాబీ ముఖం పాలిపోయింది. "ఆవిడ అమ్మనంటే నా గతేంటి మేడమ్ గారూ? మిషను తొక్కి తొక్కి మోకాళ్లరిగిపోయినాయి."

"ఈయన దగ్గర కొంటే ఇల్లు కట్టాక పోతుంది, మీరాబీ. ఇప్పుడైతే అడిగి చూడొచ్చు."

కబురందుకుని, వారం తిరక్కుండా బుజ్జమ్మ లాయరు గారింటికి వచ్చింది. భాస్కర్రావు తల దించుకున్నాడు. "చదవలేదమ్మా. నాన్నదే అనుకున్నాను."

"పోన్లే అన్నయ్యా, పన్నైనా కట్టావు," అని నవ్వి, ఆమె మీరాబీ వైపు తిరిగింది. "నాకు స్థలం ఉందని తెలిసి వారం. నీకు ఇల్లు కావాలని ఎన్నాళ్లమ్మా?"

"పద్దెనిమిదేళ్లండి."

"అయితే అదే ధరకు నువ్వే తీసుకో. రాసిచ్చేది మాత్రం నేను. మా అన్నయ్య కాదు."

కచేరీలో నన్ను కొత్త దస్తావేజు కింద పెట్టారు. అది అచ్చు అక్షరాలది, ఎవరైనా చదవగలరు. ఇకపై మీరాబీ పెట్టెలో దాని వెనుక పాత సాక్షిగా ఉంటాను. దిగులేమీ లేదు. యాభై ఏడేళ్లు ఒక పేరును మోశాను. పెళ్లయ్యాక భర్త ఆమెను 'ఏమే' అన్నాడు, పిల్లలు 'అమ్మా' అన్నారు, హాస్టల్లో 'వంటమ్మా' అన్నారు. ఆ పేరు నాలో తప్ప ఎవరి నోటా నిలవలేదు.

రిజిస్ట్రారు తల ఎత్తాడు. "రాసిచ్చేవారు మీరేనా? పేరు చెప్పండమ్మా."

"బుజ్జ…" అని ఆమె ఆగింది. కొంగు సరిచేసుకుంది. గొంతు సవరించుకుని, కచేరీ అంతా వినేలా చెప్పింది.

"తిలోత్తమ."