కల్లు పరీక్ష

ఆమెకు ళ పలకదు. ల అవుతుంది. నీళ్ళు నీల్లు, పెళ్ళి పెల్లి. వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. అక్కడ నోరు తెరిస్తే చాలు, కళ్ళు కల్లయిపోతాయి.

చేరిన కొత్తలో ఒక ముసలాయనతో, "కల్లు చూపించండి తాతా" అంది.

"తేలేదమ్మా. డాక్టరు మానెయ్యమన్నాడు."

షాపంతా గొల్లుమంది. షాపాయన బావమరిది కౌంటరు మీద చరుస్తూ నవ్వి, అప్పటికప్పుడు ఆమెకు ముంత అని పేరు పెట్టేశాడు. ఆ పేరు అతుక్కుపోయింది. ఆమె వెనకగదిలోకి పోయి అద్దాలు అరగదీసే మిషను ముందు కూర్చుంది. ఆ రొదలో మాట్లాడమని ఎవరూ అడగరు. అలాగే ఏళ్ళు గడిచాయి.

ఇప్పుడు షాపాయన రెండో షాపు తెరుస్తున్నాడు. చూసుకునే మనిషి కావాలి. పని తెలిసింది ఆమెకు. నోరున్నది బావమరిదికి.

"బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో కంటిపరీక్షలున్నాయి. నువ్వెళ్ళి నడిపించు," అన్నాడు షాపాయన. "నలుగురిలో మాట్లాడగలిగితే కొత్త షాపు నీ చేతికిస్తా. లేకపోతే మావాడికే."

"కల్లు దుకాణం పెట్టిస్తున్నావా బావా?" అన్నాడు బావమరిది.

ఆమె ఇంట్లో అద్దం ముందు నిలబడి నాలుక మడిచి సాధన చేసింది. ఒక్కోసారి ఆ అక్షరం వచ్చేది. మనిషి అలికిడైతే పారిపోయేది. తల్లి కూరలు తరుగుతూ చూసింది.

"మీ నాన్నకూ పలికేది కాదే."

"మరేం చేసేవాడు?"

"ఏం చేస్తాడు, నోరు మూసుకునేవాడు. పెద్దమనిషి అన్నారు అందరూ. పెద్దరికమూ లేదు, పాడూ లేదు. భయం."

ఆ మాట లోపల గుచ్చుకుంది. తండ్రి నెమ్మదస్థుడని నలుగురూ మెచ్చుకుంటుంటే విని పెరిగింది. ఆ మెప్పు తనకు వద్దనుకుంది.

ఫ్యాక్టరీ భోజనాల గదిలో గోడకు అక్షరాల అట్ట తగిలించింది. కుట్టేవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. సూపర్‌వైజరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తమాషా చూద్దామని వచ్చిన బావమరిది తలుపుకి ఆనుకున్నాడు.

"అందరికీ కల్లు పరీక్ష చేస్తాను," అంది.

"పరీక్షెందుకక్కా, పోసెయ్!" అని అరిచాడు కటింగ్ మాస్టరు.

గది దద్దరిల్లింది. ఆమె చెవులు కాలిపోయాయి. కాళ్ళు తలుపువైపు తిరిగాయి కూడా. అక్కడ బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నాడు. అతన్ని చూసి ఆగింది.

"నవ్వండి," అంది. "నాకు ఆ అక్షరం రాదు. చిన్నప్పట్నుంచీ రాదు. నేర్చుకుంటున్నా, ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగుదామంటే ఈలోపు మీ సూదులు వేల్లలో దిగుతాయి. అందుకని ఇవాల్టికి కల్లంటే ఇవి." రెండు వేళ్ళు కళ్ళకేసి పెట్టింది.

మళ్ళీ నవ్వారు. ఈ నవ్వు వేరు.

ఒక్కొక్కరే వచ్చి చదివిపోయారు. కాలర్లు కుట్టే పెద్దమ్మ ఫ్యాక్టరీలో అందరికన్నా పాత మనిషి. కింది వరస గడగడా అప్పజెప్పింది. కానీ ఆవిడ చూపు అట్ట మీద లేదు, పక్కనున్న కిటికీ మీదుంది. ఆమె అట్ట తిప్పి, వేరే అక్షరాలున్న వైపు పెట్టింది. పెద్దమ్మ మళ్ళీ అవే చదివింది. ముందువాళ్ళు చదువుతుంటే విని బట్టీ పట్టింది.

ఆమె గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, అట్ట మారింది."

పెద్దమ్మ మొహం మాడిపోయింది. సూపర్‌వైజరు వైపు దొంగచూపు చూసింది. "చూపు ఆనట్లేదంటే మూల కూర్చోబెట్టి గుండీలు ఏరిస్తాడే. నీకేం తెలుసు?"

"మూల సంగతి నాకు తెలుసు. నన్నెవరూ కూర్చోబెట్టలేదు. నేనే పోయి కూర్చున్నా, ఇన్నేల్లు."

పెద్దమ్మ సూపర్‌వైజరు కుర్చీవైపు తిరిగి గట్టిగా అడిగింది. "అయ్యా, నాకు చూపు తగ్గింది. అద్దాలు పెట్టుకుని కుడతా. ఏమంటారు?"

సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. "కుట్టు. ఎవరొద్దన్నారు?"

అంతే. చదివేసి వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చి వరసలో నిలబడ్డారు. కటింగ్ మాస్టరు కూడా వచ్చాడు. మధ్యలో దూరబోయాడు.

"నువ్వు చివర్న," అంది ఆమె. జాలిపడలేదు.

సాయంత్రం షాపులో బావమరిది ముందే అందుకున్నాడు. "ఇంకా కల్లనే అంటోంది బావా! వచ్చినవాళ్ళు నవ్విపోరూ?"

షాపాయన ఆమె తెచ్చిన అద్దాల ఆర్డర్లు తిరగేసి ఆమెవైపు చూశాడు.

"నవ్వనివ్వండి," అంది. "నవ్వేవాల్లు లోపలికొచ్చినట్టేగా."

ఆయన కొత్త షాపు తాళాలు బల్లమీద పెట్టాడు. ఆమె తీసుకుంది. దండం పెట్టలేదు. దయతలచి ఇస్తే పెట్టాలి. ఇది దయ కాదు.