ఎంగిలి గాలి

ఏకాంబరం బొటనవేలితో వెనక చక్రాన్ని నొక్కి చూసి, "సింగిలా, డబులా?" అని అడిగాడు. తిరుపతిలో పుత్తూరు రోడ్డులోని ఆ పెట్రోలు బంకులో గాలి పట్టే పనికి కుదిరి పందొమ్మిదేళ్ళు. మనుషుల ముఖాలు చూసే అలవాటు ఎప్పుడో పోయింది. బండి ఆగితే ముందు చక్రం, తర్వాత వెనక చక్రం, ఆ తర్వాత ఈ ప్రశ్న. ఒక్కరే అయితే వెనక ఇరవై తొమ్మిది, ఇద్దరయితే ముప్పై మూడు. కొండకు పోయే బండయితే ముందు చక్రాన్ని ఇంకోసారి నొక్కేవాడు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బరువంతా ముందుకే వచ్చి పడుతుందని అతని లెక్క.

అరవై దాటిన మనిషి. గొంతుక్కూచుని గొంతుక్కూచుని మోకాళ్ళు అరిగిపోయాయి. చెవులయితే అంతకు ముందే, నగరిలో మరమగ్గాల దగ్గరే సగం పోయాయి. వాల్వులోంచి గాలి కారితే ఆ సన్నటి చప్పుడు అతనికి వినపడదు. అందుకని గాలి పట్టాక చూపుడువేలు నాలుకకు తాకించి ఆ తడిని వాల్వు మూతి మీద పెట్టేవాడు. బుడగ లేస్తే కారుతున్నట్టు. లేవకపోతే మూత బిగించి పంపించేయడమే. ఆ ఉమ్ముతడితో తిరుపతిలో ఎన్ని వేల బళ్ళు తిరిగాయో ఎవరికి తెలుసు? ఎవరికీ ఏమీ కాలేదు.

పోయిన శుక్రవారం దాకా కాలేదు. ఆరోజు ధనుంజయ అనే కాంట్రాక్టరు కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, హ్యాండిలుకు చామంతుల దండ వేసి, కొండకు పోతూ బంకులో ఆగాడు. ఏకాంబరం వేలు నాలుక దగ్గరికి పోవడం, అక్కణ్ణుంచి వాల్వు మీదికి రావడం కళ్ళారా చూశాడు.

"దేవుడి కాడికి పొయ్యే బండిని ఎంగిలి చేస్తావేందిరా!" అని చెప్పుకాలితో ఆ చేతిని తోసేశాడు.

రెండు బకెట్ల నీళ్ళతో చక్రం కడిగించాడు. ఏకాంబరం చేత కాదులెండి, ఆ చెయ్యి మళ్ళీ తగలకూడదు కదా! షోరూములో ఆ బండిని ఎన్ని చేతులు తాకాయో, ఆ చేతులు అంతకుముందు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆ మహానుభావుడు అడిగినట్టు లేదు. నేరుగా బంకు యజమానికి ఫోను చేశాడు.

వారం తిరక్కుండా గోడకు నీలం రంగు యంత్రం వచ్చింది. అంకె నొక్కితే అంత గాలీ తనే పట్టి, కూత పెట్టి ఆగిపోతుంది. ఎవరి బండికి వాళ్ళే పట్టుకోవచ్చు. బిగించడం అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. మేనేజరు మునిప్రసాద్ ఏకాంబరాన్ని పిలిచి ఇంక పనిలేదు పొమ్మన్నాడు.

ఏకాంబరం చొక్కా జేబులో ఒక చిన్న టానిక్ సీసా ఉంది. పొద్దున భార్య నాగులమ్మకు తెలియకుండా దాన్ని చింతపండుతో మూడుసార్లు తోమి, మంచినీళ్ళు నింపి తెచ్చుకున్నాడు. ఇకమీదట వేలు ఆ నీళ్ళలోనే తడుపుకుంటానని చెప్పాలి. దారి పొడుగునా ఆ మాటే నెమరేసుకుంటూ వచ్చాడు.

"వొంగలేనోళ్ళు వస్తారు సార్. వాళ్ళకన్నా నేను పడతా. ఇంక ఉమ్ము పెట్టను సార్, ఇదో..."

"ఆ మాటెత్తొద్దప్పా, కడుపులో తిప్పతాది" అన్నాడు మునిప్రసాద్. ఏకాంబరం చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. మునిప్రసాద్‌కు ఏదో సరదా పుట్టింది. "సరే, ఒక పని చేద్దాం. ఆ స్టూలు మీద కూసో. నువ్వు లేయగూడదు, ఎవుర్నీ పిలవగూడదు. మూడు కొట్టేలోపల ఒక్కరంటే ఒక్కరు నిన్ను గాలి పట్టమని పిలిస్తే నీ పని నీకే. లేకుంటే ఇంటికి పో."

ఏకాంబరం వెళ్ళి కూర్చున్నాడు. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్కరన్నా పిలవరా అనుకున్నాడు.

పన్నెండేళ్ళుగా అతని చేత గాలి పట్టించుకుంటున్న మాస్టరు వచ్చాడు. ఏకాంబరాన్ని చూసి తల ఊపాడు. యంత్రం కూత పెట్టగానే చిన్నపిల్లవాడిలా మురిసిపోయి వెళ్ళిపోయాడు. తర్వాత మొగుడూ పెళ్ళామూ, మధ్యలో బియ్యం మూట. వెనక చక్రం అణిగిపోయి ఉంది. మొగుడు ఇరవై ఐదు నొక్కాడు. సింగిలా డబులా అని యంత్రం అడగదు కదా. ఏకాంబరం సగం లేచాడు. అద్దాల గదిలోంచి మునిప్రసాద్ వేలు ఆడించాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఎండ స్టూలు మీదికి వచ్చింది. నీడలోకి జరిగితే లేచినట్టు లెక్క కడతారేమోనని జరగలేదు. ఎడమ చెయ్యి పొద్దుటినుంచీ లాగుతోంది. గొట్టం ఈడ్చి ఈడ్చి అలా ఉందనుకున్నాడు. రెండున్నరకు గోడకు తల ఆనించి ఒక పెద్ద ఊపిరి వదిలాడు. మళ్ళీ తీసుకోలేదు.

రెండూ నలభైకి మురుగేష్ అనే కుర్రాడు బండి మీద వచ్చాడు. వెనక అతని తండ్రి, విరిగిన కాలికి ఇంకా పచ్చి ఆరని పుత్తూరు కట్టు.

"తాతా, వచ్చి గాలి పట్టు! నాయన దిగలేడు, నేను బండి వదిల్తే పడిపోతాడు."

మూడుసార్లు పిలిచాడు. హారను కొట్టాడు. మునిప్రసాద్ తలుపు తీసుకుని బయటికొచ్చి గడియారం చూసుకున్నాడు. పందెం పోయిందని ఒక్క క్షణం అతని ముఖం మాడింది. అంతలోనే వెలిగింది.

"సూసినారా? పిలిచినా లేయడు! అలిగినాడు ముసలోడు."

పెట్రోలు పట్టే ప్రసన్నకుమారి వచ్చి ఆ బండికి గాలి పట్టింది. "బిన్నా పోనీరా, కట్టు ఎండకు కాగతా ఉండాది" అని తొందరపెట్టాడు మురుగేష్ తండ్రి. బండి వెళ్ళిపోయాక ఆమె ఏకాంబరం భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగాడు. జేబులోని సీసా కింద పడి దొర్లింది.

"పురుగుల మందు తాగినాడా ఏంది!" అన్నాడు మునిప్రసాద్. "సావను బంకే దొరికిందా వీడికి?"

చేతిరుమాలుతో సీసా పట్టుకుని మూత తిప్పి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. వేలు ముంచి చూశాడు, నీళ్ళే. హమ్మయ్య అనుకుని మూత బిగించి యంత్రం మీద పెట్టేశాడు.

ఏకాంబరాన్ని తీసుకుపోయాక కూడా సీసా అక్కడే ఉంది, మూతిదాకా మంచినీళ్ళతో.